తొంభై ఒకటో మైలు

కీత్లీ
ఏప్రిల్ 12, 1953, ఆదివారం

హిల్డా అత్తకు,

నువ్వు పంపిన పొగపెట్టిన చేపలు అందాయి. పోస్టుమాన్ వీధి మలుపు తిరగకముందే అమ్మకు వాసన తెలిసిపోయి పెనం పొయ్యి మీదకెక్కించింది. పిల్లి ఆ పొట్లం కాగితాన్ని ఇంకా వదల్లేదు.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. జూన్ ఏడున నేను సైకిలు మీద వంద మైళ్లు తొక్కబోతున్నాను. నవ్వకు. ఇప్పటిదాకా అరవై దాటలేదని నాకూ తెలుసు. ఇక్కడి నుంచి హాజ్ ఊరికి యాభై, తిరిగి యాభై. పది గంటల్లోపు రావాలి. వెళ్లినట్టు రుజువుగా కార్డు మీద హాజ్‌లో ఒక సంతకం, వచ్చేటప్పుడు డెబ్బై ఎనిమిదో మైలు టీకొట్టులో ఒకటి, ఇక్కడ మన సైకిలు క్లబ్బు కార్యదర్శి షాకల్టన్ గారిది ఆఖరిది. నువ్వు తొక్కిన దారే. ఏమీ మారలేదు, కొండలు కూడా తగ్గలేదు.

ప్రతి గురువారం క్లబ్బు గదిలో టీ తాగుతూ గోడమీది బోర్డు చూస్తుంటాను. ఆడవాళ్లలో మొదటి పేరు నీదే. హిల్డా ఎక్రాయిడ్, 1930, తొమ్మిది గంటల నలభై ఎనిమిది నిమిషాలు. దాని కింద నా పేరు చూసుకోవాలి. మొన్న మా క్లబ్బులో గ్లాడిస్ అందరి ముందూ, "ఏమే ఇనిడ్, మీ నాన్నలాగా ముప్పై మైళ్లకే బుద్ధి మార్చుకోవు గదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో, కానీ టీ సగంలోనే వదిలేసి లేచొచ్చాను. నాన్న పోయేనాటికి నాకు ఏడాదైనా నిండలేదు. ఆయన గురించి ఎవరినడిగినా ఒకటే మాట. నీతో కలిసి వంద మైళ్లకు బయలుదేరాడు, ముప్పైకే చేతులెత్తేశాడు, ఒక్కడే ఇంటికి వస్తూ పొగమంచులో వంతెన మీంచి వాగులో పడ్డాడు. పాపం అనిపిస్తుంది. కానీ మధ్యలో వదిలేసినవాడి కూతురు అనిపించుకోవడం ఇక నావల్ల కాదు.

నాకు సైకిలు మీద కూర్చోవడం నేర్పింది నువ్వే. సలహాలేమైనా ఉంటే రాయి.

నీ మేనకోడలు,
ఇనిడ్


ఫైలీ
ఏప్రిల్ 17

ఇనిడ్‌కు,

ఉత్తరం అందింది. వద్దు.

ఎందుకని అడుగుతావు. ఆ దారి మంచిది కాదు. ఆఖరి కొండ మీద జూన్‌లో కూడా మంచు దిగుతుంది. అంతగా తొక్కాలనిపిస్తే యార్క్ వైపు వెళ్లు, నేల చదునుగా ఉంటుంది, దారిపొడుగునా మనుషులుంటారు. యాభై మైళ్లు చాలు. బోర్డు మీద పేరుంటే ఏమొస్తుందే? నాది ఉంది, నాకేమొచ్చింది? ఆ గదిలో అడుగుపెట్టి ఇరవై మూడేళ్లయింది.

లీడ్స్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు దిగారు. ఒకామెకు గుడ్డు మెత్తగా ఉడకాలి, రెండో ఆమెకు రాయిలా ఉండాలి. రోజూ ఒకరి గుడ్డు ఒకరికి వెళ్తుంది, రోజూ నాదే తప్పు. ఈ లాడ్జింగ్ ఇల్లు నడపడం కన్నా మిల్లులో నీ పనే నయం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

అత్త


కీత్లీ
మే 4

అత్తకు,

పదిహేను రోజులు అలిగి ఉత్తరం రాయలేదు. నీకు తెలియాలనే చెబుతున్నాను. నీ సమయాన్ని నేనెక్కడ దాటేస్తానోనని కుళ్లుకుంటున్నావని గ్లాడిస్ అంటోంది. నేను కాదన్నాను. గట్టిగా మాత్రం అనలేకపోయాను.

సరే, పోనీ. నిన్న డెబ్బై రెండు తొక్కాను! మోకాళ్లు నావి కానట్టున్నాయి. ఇవాళ మిల్లులో గుడ్డ మీద తప్పులు వెతకడానికి వంగితే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

ఒక తమాషా. ఆఖరి కొండ దగ్గర వంతెన ఉంది చూడు, స్కార్ వంతెన, అది దాటి వెళ్తుంటే ఎవరో నా వెనక చేరారు. ముందు పోయేవాళ్లు తల తిప్పకూడదని, తిప్పితే సైకిలు వంకర పోయి వెనకవాళ్లు పడతారని నువ్వే కదా నేర్పావు. అందుకని చూడలేదు. నేను తొక్కడం ఆపినప్పుడు నా వెనక చక్రం టకటకమంటుంది, దాని వెనకే ఇంకో టకటక. నేను "గుంత!" అని అరిస్తే, వెనక నుంచి కూడా "గుంత" అని ఒక మగగొంతు మెల్లగా. పద్ధతి తెలిసినవాడే. అలా హాజ్ వైపు ఇరవై ఏడు మైళ్లు వెళ్లి, మళ్లీ వెనక్కి వంతెన దాకా వచ్చాడు. ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. టీకొట్టు దగ్గర నేను లోపలికెళ్లాను, అతను బయట గోడమీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు. బూడిదరంగు టోపీ, బాగా ముతక ఉన్ని బనీను. లోపలికి పిలుద్దామా అనుకునేలోపు అన్నం పాయసం వచ్చింది. నా సంగతి తెలుసుగా, అతన్ని మరిచేపోయాను.

ఇనిడ్


ఫైలీ
మే 8

ఇనిడ్‌కు,

నేను కుళ్లుకోవడమా! గ్లాడిస్‌కు చెప్పు, వాళ్లమ్మ పెళ్లిలో నేను రెండు ప్లేట్లు తిన్నానని. నేను కుళ్లుకునేది ఆకలున్నవాళ్లను చూసి మాత్రమే.

ఆ మనిషి సంగతి నాకు నచ్చలేదు. ముందువాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక సుఖంగా కూర్చుని, తన వంతు వచ్చినప్పుడు ముందుకు రాని మగాణ్ణి ఏమనాలో మా రోజుల్లో ఒక మాట ఉండేది, ఉత్తరంలో రాయలేను. ఆడపిల్ల వీపు చాటున యాభై మైళ్లా? పైగా లోపలికి రాకుండా గోడమీద కూర్చోవడం ఒకటి. నీ మీద కన్నేశాడేమో. ఈసారి వెనక చేరితే మొహమాటపడకు. "అయ్యా, నీ వంతు ఎప్పుడు?" అని నిలదీసి అడుగు. దెబ్బకు ఇంటిపేరుతో సహా అన్నీ బయటపెడతాడు.

ఒంటరిగా వెళ్లకు. గ్లాడిస్‌నైనా తీసుకెళ్లు, దాని నోటికి దయ్యాలు కూడా పారిపోతాయి.

అత్త


కీత్లీ
మే 18

అమ్మ దొంగా!

ఎంత బాగా నటించావు అత్తా! నిన్న ఎనభై ఒకటి తొక్కాను. వంతెన దాటగానే మళ్లీ చేరాడు. కొండెక్కేటప్పుడు, తల తిప్పకుండానే, నువ్వు చెప్పినట్టే అడిగేశాను. "అయ్యా, తమరి వంతు ఎప్పుడండీ? ముందుకు రావడానికి ముహూర్తం చూసుకోవాలా?"

ఆ గొంతు, రొప్పుతూ, ఏమందో తెలుసా? "నన్ను వెనకే ఉండమంది. మా హిల్డా."

"మా హిల్డా"నట! మన ఇంట్లోవాళ్లు తప్ప నిన్ను అలా పిలిచేవాళ్లు ఇంకెవరున్నారు? అంటే ఒకరున్నారన్నమాట! ఒకపక్క నన్ను వద్దంటూ, ఇంకోపక్క నాకు కాపలా మనిషిని పంపావు. ఎవరాయన? పాత స్నేహితుడా? అంతకంటే ఎక్కువా? ఎర్రబడ్డ నీ మొహం ఇక్కడికే కనిపిస్తోంది. ఆయనకు ఇంత భయం పెట్టావేంటి పాపం, పక్కకు కూడా రాడు. పేరడిగితే చెప్పలేదు. "ఇంకెంత దూరం?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు నాకు ధైర్యంగా ఉంది. ఏడో తారీఖున కూడా ఆయన్ను పంపు.

ప్రేమతో,
ఇనిడ్


ఫైలీ
మే 20

ఇనిడ్,

నేనెవరినీ పంపలేదు. ఒట్టు. నాకు స్నేహితుడూ లేడు, కాపలా మనిషీ లేడు.

ఏడో తారీఖు మానెయ్. కొన్నాళ్లు అసలు సైకిలెక్కకు. నీకు దణ్ణం పెడతాను, ఆ వంతెన వైపు మాత్రం వెళ్లకు. కారణం చెప్పలేను. ఇక్కడ ఇంటినిండా అతిథులు, మూడు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను.

అతని గొంతు ఎలా ఉంటుంది? చిన్న వయసువాడిదా? జలుబు చేసినవాడిలా ఉంటుందా? వెంటనే రాయి.

అత్త


కీత్లీ
జూన్ 9

అత్తకు,

నీకు అబద్ధమాడటం రాదు. "కారణం చెప్పలేను"ట! సిగ్గుపడుతున్నావని అమ్మకు చెప్పాను, అమ్మ కూడా నవ్వింది. అందుకే జవాబు రాయలేదు. రాస్తే మళ్లీ వద్దంటావు.

అత్తా, చేశాను. వంద మైళ్లు. తొమ్మిది గంటల యాభై నాలుగు నిమిషాలు. నీకంటే ఆరు నిమిషాలు ఎక్కువ, నీ పరువు భద్రం.

అంతా వరసగా చెబుతాను. పొద్దున్న ఏడుకు బయలుదేరాం, ఏడుగురం. వీధుల్లో రాణిగారి పట్టాభిషేకం తోరణాలు వానకు తడిసి వేలాడుతున్నాయి. గ్లాడిస్ గొలుసు నలభయ్యో మైలు దగ్గర తెగింది, పాపం అనలేను. మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు. హాజ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే. ఆయన రాలేదు. డెబ్బై ఎనిమిదో మైలు దగ్గర సంతకం పెట్టించుకుని బయటికొస్తే గోడమీద ఉన్నాడు. ఎప్పటిలాగే వీపు ఇటు. "రండి, పోదాం" అని ఎక్కేశాను. టకటక వెనకే వచ్చింది.

ఆఖరి కొండ మీద మంచు దిగింది. నువ్వు చెప్పినట్టే. నా చేతి వేళ్లు నాకే కనిపించలేదు. చప్పుళ్లన్నీ దగ్గరగా వినిపిస్తున్నాయి, ఎవరో చెవిలో నములుతున్నట్టు. చలి వేసింది, అత్తా, మామూలు చలి కాదు. వెనక ఆయన రొప్పు నా నడుం దగ్గర ఉంది. నేను "గుంత" అనకముందే ఆయన "గుంత" అంటున్నాడు. అప్పుడు మొదటిసారి నాకు భయమేసింది. తల తిప్పాలనిపించింది, తిప్పలేదు. గట్టిగా తొక్కితే తప్పించుకోవచ్చు అనుకున్నాను. గడియారం చూస్తే నాలుగు దాటింది. తొమ్మిది మైళ్లు మిగిలాయి. ఆగితే పది గంటలు దాటిపోవచ్చు.

వంతెన దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి అరిచాడు. "మెల్లగా, హిల్డా! మెల్లగా!"

నేను హిల్డాని కాదు అని అరుద్దామనుకున్నాను. కాళ్లు ఇంకా వేగంగా తిరుగుతున్నాయి. మళ్లీ అరిచాడు, ఈసారి గొంతు దూరంగా ఉంది. అది విన్నాక నావల్ల కాలేదు. దయ్యమైనా మనిషైనా, మంచులో వెనకవాణ్ణి వదిలి రాకూడదని నువ్వే నేర్పావు, క్లబ్బు నియమం కూడా అదే, వదిలి వస్తే కార్డు చెల్లదు. తొక్కడం ఆపేశాను. వంతెన గోడ పట్టుకుని నిలబడ్డాను. కింద నీళ్ల చప్పుడు. బోర్డు మీద పేరు పోయిందనుకుని ఏడుపొచ్చింది.

టకటక మెల్లగా వచ్చి నా పక్కన ఆగింది. మొహం చూడలేదు, చూడాలనిపించలేదు. "ఈసారి విన్నావు" అన్నాడు. అంతే. దాటుకుని ముందుకెళ్లాడు. మొదటిసారి తన వంతు తీసుకున్నాడు!

ఆ తొమ్మిది మైళ్లు నేను ఆయన వెనక చక్రం తప్ప ఇంకేమీ చూడలేదు. గాలి లేదు, బరువు లేదు. రోడ్డు పొడిగా ఉంది, అయినా ఆ చక్రం నుంచి నీళ్లు చింది నా మోకాళ్లు తడిసిపోయాయి. మడ్‌గార్డుకు పచ్చటి నాచు వేలాడుతోంది. క్లబ్బు గది ముందుకొచ్చేసరికి నేనొక్కదాన్నే ఉన్నాను. షాకల్టన్ గారు నా కార్డు మీద సంతకం పెట్టి, వీధి అటూ ఇటూ చూసి అడిగారు, "నీ కార్డు సరేనమ్మా. నీ ముందు వచ్చినాయన కార్డేదీ?"

నిజం చెప్పు అత్తా. ఆయనెవరు? ఏం విన్నాను నేను?

ఇనిడ్


ఫైలీ
జూన్ 12

ఇనిడ్,

ఈ ఉత్తరం మీ అమ్మ దగ్గర కూర్చుని చదువు.

ఆయన మీ నాన్న. మా సిరిల్.

వాడు ముప్పై మైళ్లకు వెనక్కి తిరగలేదు. అది నేను చెప్పిన అబద్ధం. హాజ్‌కు వచ్చాడు, తిరిగి వచ్చాడు. హాజ్‌లోనూ, టీకొట్టులోనూ నేనే లోపలికెళ్లి ఇద్దరి కార్డుల మీదా సంతకాలు పెట్టించాను, రెండూ నా జేబులోనే ఉండిపోయాయి. వాడు అప్పటికే డస్సిపోయి గోడమీద కూర్చున్నాడు. వారంగా జలుబు వాడికి. "నువ్వు నా వెనకే ఉండు, ముందుకు రానక్కర్లేదు, ఇంటిదాకా నేను లాక్కెళ్తాను" అన్నాను. నేనే అన్నాను.

ఆఖరి కొండ మీద మంచు. క్లబ్బులో అప్పటిదాకా ఏ ఆడదీ పది గంటల్లోపు రాలేదు. వంతెన దగ్గర వాడు అరిచాడు. "మెల్లగా, హిల్డా." నేను విన్నాను. రెండోసారి కూడా విన్నాను. ఇంకా గట్టిగా తొక్కాను. మూడోసారి అరవలేదు.

క్లబ్బు గది దగ్గర షాకల్టన్, "సిరిల్ ఏడీ?" అన్నాడు. మంచులో తోడును వదిలి వస్తే కార్డు చెల్లదు. నా నోటినుంచి వచ్చేసింది, "ముప్పయ్యో మైలు దగ్గరే తిరిగిపోయాడే, ఇంకా ఇంటికి రాలేదా?" అని. అరగంటలో వాడే వచ్చేస్తాడు, నవ్వేసి నా మాట నిలబెడతాడు అనుకున్నాను. ఎప్పుడూ అంతే చేసేవాడు. రాలేదు. చీకటి పడేదాకా అందరూ ఆ ముప్పయ్యో మైలు చుట్టూ వెతికారు, నా మాట నమ్మి. వాడు ఇంటికి తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్నాడు. మర్నాడు పొద్దున్న దొరికాడు. వెంటనే ప్రాణం పోలేదని డాక్టరు అన్నాడు. ఆ మాట మీ అమ్మకు చెప్పనివ్వలేదు నేను.

ఆ తర్వాత నిజం చెప్పడానికి రోజూ ఒక రోజు ఆలస్యమైంది. నిన్ను చూసినప్పుడల్లా సైకిలు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేకపోయాను. నీ తండ్రిని ఊరంతా చేతకానివాడంటుంటే విన్నాను. దానికి మించిన పాపం లేదు.

వాడి కార్డు ఇందులో పెడుతున్నాను. కాల్చేద్దామని ఎన్నోసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లాను. రెండు సంతకాలున్నాయి, ఆఖరి గడి ఖాళీ. నువ్వు ఆగావు, ఇనిడ్. వాడు అడిగింది అంతే. నన్ను క్షమించమని అడగను.

హిల్డా


కీత్లీ
జూలై 5

అత్తకు,

చాలా కోపంగా ఉంది. ఇంకా ఉంది. మూడువారాలు ఏం రాసినా తిట్లే వచ్చాయి, అవన్నీ ఒక డబ్బాలో వేశాను, కావాలంటే వచ్చి చదువుకో. ఇన్నేళ్లూ నేను ఆయన పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. నువ్వు పక్కనే ఉండి నా చక్రానికి గాలి కొడుతూ ఊరుకున్నావు.

కార్డు షాకల్టన్ గారికి చూపించాను. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివారు. పాతబడ్డ సంతకాలు రెండూ ఎవరివో గుర్తుపట్టారు. "మొన్న నీ ముందు వచ్చింది..." అని ఆపేశారు. ఇంకేమీ అడక్కుండా ఆఖరి గడిలో సంతకం పెట్టారు. సమయం రాసే చోట మాత్రం చెయ్యి ఆగిపోయింది. "ఇరవై మూడేళ్లని రాయనా?" అన్నారు. ఖాళీగా వదిలేశారు. నాన్న పేరు గురువారం బోర్డు మీదకెక్కింది. గ్లాడిస్ నిచ్చెన పట్టుకుంది, నోరెత్తకుండా.

అమ్మ రెండు వారాలు నీ పేరెత్తలేదు. నిన్న అంట్లు తోముతూ ఉన్నట్టుండి, "హిల్డాను రమ్మని రాయి. క్షమించానని కాదు. రమ్మను" అంది.

రెండు ఆదివారాలు ఆ వంతెన దాకా వెళ్లాను. వెనక ఎవరూ లేరు. "గుంత" అని అరిస్తే నా గొంతే నాకు వినిపించింది. ఎదురుచూశాను అత్తా, గోడమీద కూర్చుని, రొట్టె తినకుండా. ఆయన మొహం ఒక్కసారైనా చూడాల్సింది. నాతో పని అయిపోయిందేమో. ఆయన పిలిచింది నన్ను కాదు కదా.

నీ సైకిలు కూడా తీసుకురా.

ఇనిడ్


ఫైలీ రైల్వే స్టేషన్
జూలై 11, శనివారం

ఇనిడ్‌కు,

ఇది స్టేషన్‌లోనే రాసి ఇక్కడి పెట్టెలో వేస్తున్నాను. ఉత్తరం కంటే ముందు నేనే చేరతాను, అయినా నోటితో చెప్పగలనో లేదో నాకే నమ్మకం లేదు.

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే సైకిలు బయటికి తీశాను. ఇంటి నుంచి స్టేషన్‌కు మైలున్నర. కొత్త టైర్లు, పాత మోకాళ్లు. సముద్రం మీంచి మంచు వీధుల్లోకి వచ్చేసింది. చర్చి దాటాక తొక్కడం ఆపాను. నా టకటక వెనక ఇంకో టకటక వినిపించింది.

భయపడలేదని చెబితే అబద్ధం, ఇక అబద్ధాలు చాలు. ముందు నా కాళ్లు పరుగెత్తాలనే చూశాయి, ఆ పాత కాళ్లే కదా. వాటిని ఆపాను. మిగతా దూరం పిల్లలు నడిచేంత మెల్లగా తొక్కాను. "రా, సిరిల్. తొందర లేదు" అన్నాను.

స్టేషన్‌లో సైకిళ్లు సామాను పెట్టెలోకి ఎక్కించే ముసలాయన నా వెనక్కి చూస్తూ అడిగాడు, "రెండూ కీత్లీకేనా అమ్మా?"

"అవును, రెండూ" అన్నాను.

ఆయన రెండు చీటీలు తీశాడు. మొదటిదాని మీద నా పేరు రాసి హ్యాండిల్‌కు కట్టాడు. "రెండోదానికి ఏ పేరు?" అని అడిగాడు. చెప్పాను, ఒక్కో అక్షరం, తప్పు పోకుండా.

నేను చెప్పలేకపోయి ఉంటే మీ అమ్మతో నువ్వే చెప్పు, సాయంత్రం టీకి వచ్చింది ఇద్దరమని.

హిల్డా